ఏటి నడుమ నుయ్యి

అమలాపురంలో ఒక జిరాక్స్ షాపు మేడ మీద నాకో చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. మొదట్లో కాశీకీ, షిర్డీకీ బస్సులు మాట్లాడి పెట్టడమే నా పని. ఈ నాలుగైదేళ్ళుగా వచ్చేవాళ్ళు వేరే రకంగా అడుగుతున్నారు. "కరెంటు లేని చోటేదైనా చూడండి మేడం గారూ. ఫోను కూడా పలక్కూడదండి." అడిగేవాళ్ళలో రొయ్యల చెరువుల వాళ్ళు ఎక్కువ. రాత్రీ పగలూ చెరువు నీళ్ళని చిలికే ఏరేటర్ల హోరులో బతికి బతికి, నిద్రలో కూడా ఆ హోరే వింటున్నామని చెప్పేవారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళయితే చెట్టూ నీళ్ళూ తప్ప ఇంకేమీ వద్దనేవారు.

అలాంటి బసలు మారేడుమిల్లి దాటాక కొండల్లో ఉన్నాయి. నేను ముందుగా వెళ్ళి ఒక రాత్రయినా ఉండి చూడకుండా ఎవరినీ పంపను. మంచిదని బోర్డు పెట్టినంత మాత్రాన మంచిదైపోదు. ఒకచోట పైకప్పు మీద సోలార్ పలకలు తళతళలాడుతున్నాయి, వెనక పశువుల పాకలో డీజిల్ జనరేటర్ దాక్కుని ఉంది. ఇంకోచోట గోడలకి పాకిన తీగలన్నీ ప్లాస్టిక్‌వి. అందుకని నేను గదుల జోలికి ముందు పోను. వంటిల్లు వెనక్కి వెళ్ళి చూస్తాను. మరుగుదొడ్డి నీళ్ళు ఎటు పోతున్నాయో అడుగుతాను. తాగే నీళ్ళు ఏ ఊటవో చూస్తాను. ఆ తరవాత ఫోను ఆపేసి, ఒక గంట ఊరికే కూర్చుంటాను. చోటు మంచిదో కాదో ఆ గంటలో తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందంటే చెప్పలేను.

కిందటి కార్తీకం వెళ్ళాక ఒకాయన ఆఫీసుకి వచ్చారు. నలభై దాటి ఉంటాయి. మస్కట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చేశారట. రాజోలు అవతల, గోదావరి పాయలో ఒక లంక మీద నాలుగు మట్టి ఇళ్ళు కట్టానని చెప్పారు.

"కొండల దాకా ఎందుకండీ అక్కగారూ, అంత దూరం? మన ఏట్లోనే ఉందండి ఆ చల్లదనం. కరెంటు లేదండి, సిమెంటు లేదండి. ఒక్కసారొచ్చి చూడండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పేయండి" అన్నారు.

అప్పటికే మూడు కుటుంబాల వాళ్ళు కలిసి ఒక బస కావాలని నన్ను అడిగి ఉన్నారు. పిల్లలూ పెద్దలూ కలిసి పదకొండుమంది. వాళ్ళకి సరిపోతుందేమో చూద్దామని, పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం ఆయన వెంట ఇంజను పడవ ఎక్కాను.

ఇళ్ళు నిజంగా బాగున్నాయి. ముందు ఆ మాట చెప్పాలి. ఎర్రమట్టీ ఊకా కలిపి కట్టిన గోడలు, పేడతో అలికిన అరుగులు, తాటాకు కప్పు. వంటింటి నీళ్ళు అరటి పాదుల్లోకి పోతున్నాయి. జనరేటర్ కోసం వెతికాను, లేదు. సన్నని సోలార్ దీపాలు ఇంటికి రెండు. నేను కొండల్లో చూసిన వాటిలో ఇంత నిజాయితీగా కట్టినవి రెండో మూడో ఉంటాయి. ఆ మాటే అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"రండి, అసలైంది చూపిస్తాను" అని ఏటి వైపుకి నడిపించారు.

అరుగు మీంచి అరవై అడుగులు వేస్తే లంక ఆగిపోతుంది. అక్కణ్ణించి నీళ్ళు. ఆ నీళ్ళ మధ్య, ఒడ్డుకి బాగా దూరంగా, ఒక నుయ్యి నిలబడి ఉంది.

నుయ్యి నిలబడి ఉండటం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ ఒక నిమిషం అర్థం కాలేదు. మామూలుగా నుయ్యి నేల లోపల ఉంటుంది, పైకి కనిపించేది గట్టు ఒక్కటే. ఇక్కడ చుట్టూ ఉన్న నేలంతా ఏరు కోసుకుపోయింది. లోపల దింపిన సిమెంటు ఒరలు మాత్రం ఒకదాని మీద ఒకటి అలాగే ఉండిపోయాయి. రెండు నిలువుల ఎత్తున, కొంచెం ఒక పక్కకి ఒరిగి, ఏట్లో పొగగొట్టంలా నిలబడి ఉంది. పైన గిలకకి పాతిన ఇనపకొయ్య ఒకటి ఇంకా ఉంది.

"ఇదివరకు ఊరి నుయ్యండి ఇది. ఇక్కడో పాతిక ఇళ్ళుండేవి. కోత మొదలయ్యాక అందరూ ఏటిగట్టు లోపలికి వెళ్ళిపోయేరు. ఇప్పుడు ఆగిపోయిందిలెండి కోత. ఫొటోలకి భలే ఉంటుందండి" అన్నారాయన.

ఫొటోలకి బాగానే ఉంటుంది. నేను మాత్రం తీయలేదు.

పొద్దు వాలకుండానే ఆయన పడవెక్కి వెళ్ళిపోయారు. పొద్దున్నే వస్తాననీ, ఏం కావాలన్నా మామ్మగారిని అడగమనీ చెప్పారు. మామ్మగారంటే అక్కడ వంట చేసే ఆవిడ. డెబ్బై పైబడిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటారు. పాత ఊళ్ళో ఆవిడ ఇల్లూ ఒకటి. అందరూ వెళ్ళిపోయినా తను వెళ్ళకుండా లంక మీదే పాక వేసుకుని ఉండిపోయారట. ఈ ఇళ్ళు కడుతున్నప్పుడు మట్టి తొక్కడానికి చేరి, తరవాత వంటలో కుదురుకున్నారు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని నా గంట మొదలుపెట్టాను. ఫోను ఆపేశాను. కొంగలు గుంపుగా అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయి. లంక మీద ఒక్కటీ వాలలేదు. మామ్మగారు కొంచెం అవతల కూర్చుని గోంగూర తుంచుతున్నారు. నీళ్ళు మెల్లగా పోటెక్కుతున్నాయి.

ఉన్నట్టుండి ఆవిడ తలెత్తి, "ఆయ్" అన్నారు.

నన్నేదో అంటున్నారనుకున్నాను. "ఏంటండీ మామ్మగారూ?" అన్నాను.

"ఏం లేదండి" అని మళ్ళీ గోంగూర అందుకున్నారు.

మా వైపు ఎవరైనా పిలిస్తే నోటికి మొదట వచ్చేది ఆ మాటే. ఎందుకు పిలిచారో, ఎవరు పిలిచారో తరవాత సంగతి. కాని అప్పుడు ఎవరూ పిలవలేదు. ఏటి మీద పడవ కూడా లేదు. ఆవిడ మొహం మాత్రం నుయ్యి వైపే ఉంది.

మర్నాడు తెల్లవారుజామున మంచు దట్టంగా దిగింది. అరుగు చివర నిలబడితే మెట్టు కనిపించడం లేదు. వంటింటి వైపు నుంచి మళ్ళీ అదే గొంతు, "ఆయ్. వత్తన్నానండి." అన్నారే గాని ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. పొయ్యి ఊదుకుంటూ అక్కడే ఉన్నారు. ఈసారి ఆ మాటకి ముందు నాకూ ఒక చప్పుడు వినిపించింది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు, ఖాళీ బిందెలో మూలిగినట్టు.

ఆయన పొద్దున వచ్చాక అడిగాను. "పోటొచ్చేప్పుడు నీళ్ళు కిందనుంచి ఒరల్లోకి ఎక్కుతాయండి. లోపలున్న గాలి పైకి తోసుకొస్తుంది. అదే చప్పుడు. సైన్సే అక్కగారూ" అని నవ్వేశారు. నాకూ అదే నిజమనిపించింది. ఇప్పటికీ అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ఆ పగలంతా లంక చుట్టూ తిరిగాను. మూడు వైపులా బాగానే ఉంది, ఇసుక మేట వేసి ఏటవాలుగా దిగుతోంది. నుయ్యి ఉన్న వైపు మాత్రం నిలువుగా కోసేసినట్టు ఉంది. అరుగు మీంచి మళ్ళీ అడుగులు వేసుకుంటూ వెళ్ళాను. యాభై ఆరు వచ్చింది. ముందు రోజు అరవై వేశాననే గుర్తు. నా అడుగు పెద్దదై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండోరోజు సాయంత్రం కూడా ఆయన ఎండ ఉండగానే వెళ్ళిపోయారు. మామ్మగారు అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒంట్లో బాగులేదా అంటే, మంచు ఒంటికి పడలేదన్నారు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మామ్మగారూ, మీరు ఎవరికండీ పలుకుతున్నారు?"

ఆవిడ దాచాలని చూడలేదు. నేను అడుగుతానని అనుకుంటూనే ఉన్నట్టున్నారు.

"పిలుత్తాదండి. పొద్దుటో మాటు, సందేళో మాటు. నాకైతే మా అత్తగారు వంటింట్లోంచి కేకేసినట్టుంటాదండి. తవరికెలా ఉంటాదో."

"అక్కడెవరైనా పోయారా?"

"అయ్యో, లేదండి! ఎవరూ పోలేదండి. అందరూ చక్కగా సామాను సర్దుకుని ఎల్లిపోయేరు. ఇళ్ళు పోయేయి అంతేనండి. మా వంటిల్లు ఆ నూతికి ఇవతలుండేది. ఓ రోజు పొద్దున లేచి చూత్తే పొయ్యి లేదు. నేను పొయ్యి అలికి, ముగ్గెట్టి పడుకున్నానండి ముందు రోజు."

ఆవిడ చేత్తో చీకట్లోకి చూపించారు. ఆ చూపించినవైపు నీళ్ళు తప్ప ఏమీ లేవు. కాని ఆ వేలు తడుముకోలేదు. పక్కగదిలో గూడు ఎక్కడుందో చూపించినంత కచ్చితంగా చూపించింది.

"మరి పలకడం ఎందుకండీ? ఊరుకోవచ్చు కదా."

"నేను పలికితే ఊరుకుంటాదండి. పలక్కపోతే ఇంకోల్ని పిలుత్తాది. వచ్చినోల్లు కొత్తోల్లు కదండీ, పిలిత్తే ఎల్లిపోతారు."

ఆ మాటలు అన్న తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. భయపెట్టడానికి చెప్పినట్టు లేదు. పాలు పొంగకుండా చూసుకోవాలి అన్నట్టు చెప్పారు. ఆవిడ నుదురు మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది. నా సంచీలో ఉన్న జ్వరం మాత్ర ఇచ్చి, ఇంకో దుప్పటి కప్పి, పడుకోబెట్టాను. ఆ రాత్రి రెండుసార్లు నేల మీద బస్తా దింపినట్టు దబ్బుమని వినిపించింది. కొబ్బరికాయలు రాలుతున్నాయనుకున్నాను.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. మంచు ముందురోజు కంటే చిక్కగా ఉంది. మామ్మగారిని చూసి వద్దామని అరుగు దిగాను. వంటింటి తలుపు వేసే ఉంది, పొయ్యి వెలగలేదు. మాత్ర పనిచేసి నిద్రపట్టినట్టుంది, లేపడం ఎందుకులే అనుకున్నాను.

అప్పుడు పిలుపు వినిపించింది.

"ఏమ్మా, ఓసారిటు రా."

ఆ గొంతు నాకు తెలిసినవాళ్ళెవరిదీ కాదు. చనిపోయిన మా అమ్మదీ కాదు. ఆడగొంతో మగగొంతో కూడా ఇప్పుడు చెప్పలేను. పని మధ్యలో ఉన్నవాళ్ళు చెయ్యి ఖాళీ లేక పక్కవాళ్ళని పిలిచినట్టు, చాలా మామూలుగా ఉంది. అందులో భయపడటానికి ఏమీ లేదు. అందుకే భయపడలేదు.

"ఆయ్" అన్నాను.

అని నడిచాను. మామ్మగారే లేచి అటు వెళ్ళారేమో, ఏదైనా పట్టుకోవాలేమో అనుకున్నట్టు గుర్తు. నిజానికి ఏమీ అనుకోలేదేమో, ఆ కారణం తరవాత కల్పించుకున్నానేమో తెలియదు. కాళ్ళ కింద గడ్డి తడిగా తగులుతోంది. మంచులో ముందు ఏమీ కనిపించడం లేదు. అడుగులు లెక్కపెట్టుకోవాలని కూడా తోచలేదు. ఇంకొంచెం వెళితే చాలు అనిపిస్తోంది. ఎక్కడికి?

"అమ్మగారూ."

ఈసారి వెనకనుంచి. గట్టిగా కాదు, నిద్రపోతున్న పిల్లని ఉలిక్కిపడకుండా పిలిచినట్టు.

"అక్కడే ఆగండి. ఇటు తిరక్కండి. ఎనక్కి కాలెయ్యండి. ఇంకోటి. ఇంకోటి. తవరి కింద నేల లేదండి."

నేను నిలబడింది గడ్డి మీదే. కాని ఆవిడ చెప్పాక నాకు తెలిసింది. అరికాలి కింద నేల మెత్తగా ఊగుతోంది, నవారు మంచం మీద నిలబడ్డట్టు. తిరగకుండా ఒక కాలు వెనక్కి వేశాను. రెండోది తీస్తుంటే చెప్పు తడిమట్టిలో అంటుకుపోయి ఉండిపోయింది. ఏడెనిమిది అడుగులు అలా వెనక్కి వచ్చాక ఒక చెయ్యి నా మణికట్టుని పట్టుకుంది. జ్వరంతో సలసలా కాగుతున్న చెయ్యి.

మేమిద్దరం అలా నిలబడి ఉండగానే ముందున్న నేల వెళ్ళిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. రాత్రి విన్న ఆ దబ్బు చప్పుడే. దాని వెనకే నీళ్ళు ఒక్కసారి లేచి సర్దుకున్న శబ్దం. అంతే. మంచు కొంచెం తెరుచుకుంటే చూశాను. నేను నిలబడ్డ గడ్డి లేదు. కింద పొడుగ్గా కోసిన మట్టి గోడ, అందులోంచి వేళ్ళు బయటికి వేలాడుతూ ఉన్నాయి. అడుగంతా ఎప్పుడో ఏరు తినేసింది. పైన పొర మాత్రం మిగిలింది.

మామ్మగారు నా చెయ్యి వదిలి, మొహం అటు తిప్పి, నీరసంగా "ఆయ్, ఇక్కడే ఉన్నానండి" అన్నారు. నాతో కాదు.

ఎండెక్కాక ఆయన పడవ దిగారు. చెప్పాల్సిందంతా నిలబెట్టి చెప్పాను. పదకొండుమందిలో నలుగురు పిల్లలని చెప్పాను. ఇక్కడికి నేను ఎవరినీ పంపననీ, ఇంకెవరూ పంపకుండా చూస్తాననీ కూడా అన్నాను. ఆయన వాదిస్తారనుకున్నాను. ఒడ్డు దాకా వెళ్ళి, కొత్తగా తెగిన మట్టిని చూసి, అక్కడే గొంతుక్కూర్చున్నారు. నీళ్ళ వైపే చూస్తూ మెల్లగా అడిగారు.

"అక్కగారూ, మీకు కూడా వినిపించిందాండీ?"

నేను ఆయన మొహంలోకి చూశాను.

"ఈ ఇళ్ళు కట్టిన కొత్తలో ఇక్కడే పడుకునేవాణ్ణండి. ఒకరోజు నడుమ్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. ఎప్పుడు దిగేనో తెలీదు. మామ్మగారే లాక్కొచ్చేరు. ఆ తరవాత ఒక్క రాత్రి కూడా ఉండలేదండి. గాలి చప్పుడని ఇంజనీరొకాయన చెప్పేరు. అదే నమ్ముదామని చూస్తున్నానండి."

"నమ్మండి. నేనూ నమ్ముతాను. కాని జనాన్ని పెట్టకండి" అన్నాను. ఆయన మీద కోపం ఉండాలి. ఎందుకో రాలేదు. కొండల్లో ప్లాస్టిక్ తీగలు పాకించినవాళ్ళ మీద వచ్చినంత కూడా రాలేదు.

ఆ ఎండాకాలంలో ఆయన తాటాకూ వెదురూ తలుపులూ విప్పించి, ఏటిగట్టు లోపల వాళ్ళ కొబ్బరితోటలోకి తెచ్చుకున్నారు. గోడలు మట్టివి కదా, వాటిని తేలేరు. వరదలకి అవి కరిగిపోయాయని ఫోన్ చేసి చెప్పారు. తోటలో మళ్ళీ రెండు ఇళ్ళు కట్టారు. పక్కనే రొయ్యల చెరువు హోరు ఉంది కాబట్టి నేను ఎవరినీ పంపలేదు. ఆయనా అడగలేదు.

మామ్మగారిని రాజోలులో ఉన్న కూతురు తీసుకెళ్ళింది. వినాయకచవితి వెళ్ళాక చూడటానికి వెళ్ళాను. ఆటోలు తిరిగే వీధిలో ఒక గది. నన్ను చూసి సంతోషపడ్డారు. కాఫీ ఇచ్చి, కాస్సేపటికి అడిగారు.

"అమ్మగారూ, తవరు కొండలకి ఎల్తారంట కదండీ? అక్కడ నేల గట్టిగా ఉంటాదాండీ?"

"రాతినేలండి మామ్మగారూ. కదలమన్నా కదలదు."

"ఓమాటు చూడాలనుందండి."

ఆవిడ పుట్టి పెరిగింది ఒండ్రు మీద. డెబ్బై ఏళ్ళలో ఒక్కసారైనా రాతి మీద పడుకుని ఎరగరు. నేను ఎలాగూ మారేడుమిల్లి పైన ఒక కొత్త బస చూడటానికి వెళ్ళాల్సి ఉంది. ఆ నెలాఖరున ఇద్దరం వెళ్ళాం. బండరాయి మీదే కట్టిన చిన్న ఇల్లు. వెనక ఊటనీళ్ళు, ముందు లోయ. మొదటిరోజు ఆవిడ చిన్నపిల్లలా తిరిగారు. రాయిని అరచేత్తో తట్టి తట్టి చూశారు. అన్నం కూడా మంచం మీద కాకుండా రాతి మీదే కూర్చుని తిన్నారు. రాత్రి పక్క కూడా అక్కడే వేయించుకున్నారు.

తెల్లారి లేచి చూస్తే ఆవిడ బండ అంచున కూర్చుని ఉన్నారు. లోయ నిండా మంచు. తల ఒక పక్కకి వంచి, నోరు కొద్దిగా తెరిచి, ఏదో వింటున్నారు. గబగబా దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాను.

"వినిపిస్తోందా మామ్మగారూ?"

"లేదండి" అన్నారు. "చీకటుండగానే లేచి కూకున్నానండి. ఏం లేదు. ఇక్కడ మనల్ని ఎవరూ ఎరగరండి."

ఆ గొంతులో ఊరట ఉంటుందనుకున్నాను. లేదు. టీ తెచ్చి ఇస్తే తాగకుండా చల్లారబెట్టారు. కాస్సేపాగి, ఇంటికి ఎప్పుడెళ్దామని అడిగారు. రాజోలుకేనా అంటే, కాదన్నట్టు తల ఊపి, ఆ రాత్రి వంటిల్లు చూపించిన వేలితోనే ఏరున్న వైపు చూపించారు. ఇంకో రెండు రోజులు ఉండాల్సినవాళ్ళం, మధ్యాహ్నం జీపుకే దిగిపోయాం.